పాతికేళ్ళ మాటకు ప్రమాణం ఏది?

ఇంటి డాబా మీదికి సోలార్ ప్యానెళ్ళు ఎంచుకోవడంలో అసలు చిక్కు ధరది కాదు, కాలానిది. తయారీదారు 25 ఏళ్ళకు హామీ ఇస్తాడు. డబ్బు ఇవాళే కట్టాలి. అన్నేళ్ళ తర్వాత ఆ ప్యానెల్ ఎలా ఉంటుందో కొనేవాడికి తెలియదు, అమ్మేవాడూ చూసి చెప్పడం లేదు. సికింద్రాబాద్‌లో మారేడుపల్లిలోనో అల్వాల్‌లోనో 3 కిలోవాట్ల సిస్టమ్ పెట్టించుకునే కుటుంబం ఎన్ని కొటేషన్లు తెప్పించుకున్నా, చివరికి ఎవరో ఒకరి మాట పట్టుకునే అడుగు వేస్తుంది. ఎదుటివాడి మాట ఎప్పుడు జ్ఞానం అవుతుంది, ఎప్పుడు వట్టి నమ్మకంగా మిగిలిపోతుంది అన్నది మన తర్కశాస్త్రం శతాబ్దాల పాటు తవ్వి చూసిన ప్రశ్న. ఆ చర్చ ఎక్కువగా వేదం గురించి, ఈశ్వరుడి గురించి జరిగింది. అయినా అందులో తేలిన నియమాలు బజారులో నిలబడ్డ మనిషికీ అంతే పనికొస్తాయి.

గౌతముని న్యాయసూత్రాలు నాలుగు ప్రమాణాలను, అంటే జ్ఞానానికి దారులను, ఒప్పుకుంటాయి: ప్రత్యక్షం (స్వయంగా చూడటం), అనుమానం (ఒక గుర్తు నుంచి ఊహించడం), ఉపమానం (పోలిక), శబ్దం (నమ్మదగినవాడి మాట). 17వ శతాబ్దంలో అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఈ నాలుగింటినీ కొత్తగా చదువుకునేవాళ్ళ కోసం కుదించి చెప్పాడు. ఆయన తెలుగువాడని పండితుల మాట. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు మాత్రం రెండు ప్రమాణాలు చాలన్నాడు. ఆయన వేంగి ప్రాంతంలో ఉండి తర్కగ్రంథం రాశాడని 7వ శతాబ్దంలో ఆంధ్రదేశం చూసి వెళ్ళిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ రాసిపెట్టాడు. దిఙ్నాగుడి లెక్కలో శబ్దం విడి ప్రమాణం కాదు, అనుమానంలో ఒక భాగం. మాట విన్న తర్వాత మనం చేసేది, ఆ మాట అన్నవాడి తీరు చూసి ఊహించడమేనని ఆయన వాదం. నైయాయికులు, అంటే న్యాయ సంప్రదాయంవాళ్ళు, ఒప్పుకోరు. నమ్మదగినవాడు చెబితే ఆ మాటే నేరుగా జ్ఞానాన్ని ఇస్తుందంటారు. ప్యానెల్ కొనేవాడు ఎవరి పక్షం వహించినా, మొదట ప్రత్యక్షం ఎంత దూరం తీసుకెళ్తుందో చూసుకోవాలి.

అది చాలా తక్కువ దూరమే తీసుకెళ్తుంది. ప్యానెల్ లారీ దిగినప్పుడు గాజు పగిలిందా, ఫ్రేము మూలలు వంగాయా, వెనక జంక్షన్ బాక్సు గట్టిగా అతికి ఉందా, స్టిక్కరు మీద వాట్లు, సీరియల్ నంబరు ఉన్నాయా అన్నది కంటికి తెలుస్తుంది. లోపల సెల్లులో పడిన వెంట్రుకవాసి పగులు తెలియదు. రవాణాలో కుదుపుకో, బిగించేటప్పుడు కూలీ ప్యానెల్ మీద కాలు పెట్టడం వల్లనో అలాంటి పగుళ్ళు వస్తాయి. వాటిని చూడాలంటే చీకట్లో ప్యానెల్‌కే కరెంటు ఎక్కించి ప్రత్యేకమైన కెమెరాతో ఫోటో తీయాలి. బాగున్న సెల్లు కంటికి కనబడని పరారుణ కాంతితో వెలుగుతుంది. తెగిపోయిన ముక్క నల్లగా ఉండిపోతుంది. ఇదే ఊళ్ళో, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుక్కున్నది కూడా మైక్రోస్కోపు కింద చూసే. ఇంద్రియానికి సాధనం తోడైతే ప్రత్యక్షం పరిధి పెరుగుతుంది. కానీ ఆ సాధనం ఇంటి యజమాని చేతిలో లేదు. ఆ ఫోటో తీసినవాడి మాటనే ఆయన మళ్ళీ నమ్మాలి.

అనుమానం దగ్గర చర్చ చిక్కబడుతుంది. ప్యానెల్ మీద 540 వాట్లు అని రాసి ఉంటే, అది చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుగులో, సెల్లు ఉష్ణోగ్రత 25 డిగ్రీల దగ్గర కొలిచిన సంఖ్య. ప్రయోగశాలలో ఇంత ఇచ్చింది కాబట్టి డాబా మీదా ఇంతే ఇస్తుందనుకోవడం ఒక అనుమానం. తార్కికులు దీన్ని సోపాధికం అంటారు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనడం తప్పు, పచ్చి కట్టె తగిలితేనే పొగ వస్తుంది. ఆ పచ్చి కట్టె అక్కడ ఉపాధి, అంటే దాగి ఉన్న షరతు. ప్యానెల్ విషయంలో ఆ 25 డిగ్రీలే ఉపాధి.

సికింద్రాబాద్ వేసవిలో అది ఎలా తప్పుతుందో లెక్క వేసి చూడవచ్చు. చాలా ప్యానెళ్ళ కాగితాల్లో ఇంకో సంఖ్య ఉంటుంది: గాలి 20 డిగ్రీలు, వెలుగు 800 వాట్లు ఉన్నప్పుడు సెల్లు సుమారు 45 డిగ్రీలకు చేరుతుందని. అంటే 800 వాట్ల ఎండ సెల్లును గాలి కంటే 25 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిస్తుంది. 1000 వాట్ల ఎండ దాదాపు 31 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల మిట్టమధ్యాహ్నం గాలే 40 డిగ్రీలు ఉంటే సెల్లు 71 డిగ్రీల దగ్గర ఉంటుంది, పరీక్ష నాటి కంటే 46 డిగ్రీలు పైన. పెర్క్ రకం సెల్లు ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం శక్తి కోల్పోతుంది. టాప్‌కాన్ రకం 0.29 శాతం, హెటిరోజంక్షన్ రకం 0.25 శాతం దగ్గర ఉంటాయి. కాగితం మీద 3000 వాట్లున్న సిస్టమ్ ఆ ఎండలో పెర్క్‌తో దాదాపు 2520 వాట్లు, టాప్‌కాన్‌తో 2600, హెటిరోజంక్షన్‌తో 2655 వాట్లు ఇస్తుంది. ఉష్ణమండలంలో ప్యానెల్ ఎంచుకునేవాడు బ్రాండ్ పేరు కంటే ముందు అడగాల్సింది ఈ డిగ్రీకి తగ్గే శాతం సంఖ్యనే. ఈ సంఖ్య సెల్లు రకాన్ని బట్టి మారుతుంది. ఒకే బ్రాండ్ కింద వేర్వేరు రకాలు అమ్ముతారు.

ఉపాధి ఎక్కడెక్కడ దాక్కుంటుందో పరిశ్రమ చేదు అనుభవంతోనే నేర్చుకుంది. ఐఈసీ 61215 ప్రమాణం కింద ప్యానెల్‌ను మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా 200 సార్లు వేడి చేసి చల్లారుస్తారు. 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1000 గంటలు ఉంచుతారు. ఇవి కఠినమైన పరీక్షలే. 2010 తర్వాతి కొన్నేళ్ళలో వెనక పాలిఅమైడ్ పొర (బ్యాక్‌షీట్) వేసిన ప్యానెళ్ళు ఈ పరీక్షలన్నీ నెగ్గి బయటికొచ్చాయి. నాలుగైదేళ్ళకే చాలా దేశాల్లో వాటి వీపు పగుళ్ళు బారింది. ప్రయోగశాల వేడిని ఒకసారి, తేమను ఒకసారి, అతినీల కిరణాలను ఒకసారి విడివిడిగా చూసింది. డాబా మీద అవన్నీ ఒక్కటిగా, ఏళ్ళ తరబడి పనిచేశాయి. పరీక్ష అబద్ధం చెప్పలేదు. దాని నుంచి మనుషులు లాగిన అనుమానమే తప్పు. సర్టిఫికెట్ లేని ప్యానెల్‌ను పక్కన పెట్టేయాలి. సర్టిఫికెట్ ఉన్నదంతా పాతికేళ్ళు నిలుస్తుందనుకోకూడదు.

ఇక మిగిలింది మాట. న్యాయశాస్త్రంలో శబ్ద ప్రమాణం అంటే ఆప్తుడి వాక్యం. ఇక్కడ వాక్యం అన్నదాన్ని గట్టిగా పట్టుకోవాలి. విడి పదం దేన్నీ ప్రతిపాదించదు. పదాల మధ్య ఆకాంక్ష (ఒకటి మరోదాన్ని కోరడం), యోగ్యత (అర్థాలు పొసగడం), సన్నిధి (దగ్గరగా ఉండటం) కుదిరినప్పుడే అర్థం పూర్తవుతుందని తర్కసంగ్రహం చెప్తుంది. బ్రాండ్ పేరు ఒక పదం. అది నిజమూ చెప్పదు, అబద్ధమూ చెప్పదు. టీవీ ప్రకటనలో, రాణిగంజ్ దుకాణం బోర్డు మీద ఎంత పెద్ద అక్షరాల్లో కనిపించినా అందులో ప్రతిపాదన ఏదీ లేదు. డేటాషీట్‌లోని సంఖ్యలు, వారంటీ కాగితంలోని షరతులు వాక్యాలు. నమ్మాలా వద్దా అన్న ప్రశ్న వాటికే వర్తిస్తుంది. పేరు చూసి కొనేవాడు నిజానికి దిఙ్నాగుడు చెప్పిన పనే చేస్తున్నాడు: పేరును ఒక గుర్తుగా తీసుకుని నాణ్యతను ఊహిస్తున్నాడు. అందులో తప్పు లేదు. అయితే ఊహ అని తెలిసి చేయాలి, ఊహకు వర్తించే పరీక్షలన్నీ దానికీ పెట్టాలి.

ఆప్తుడెవరు అన్నదానికి న్యాయసూత్రాల మీద వాత్స్యాయనుని భాష్యం ఇచ్చిన నిర్వచనం ఇవాళ్టికీ సరిగ్గా సరిపోతుంది. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న కోరికతో చెప్పేవాడే ఆప్తుడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ ఒక్కలాగే వర్తిస్తుందని కూడా ఆయన స్పష్టంగా రాశాడు. మాట చెడిపోయే దారులు నాలుగని సంప్రదాయం లెక్కపెట్టింది: చెప్పేవాడి భ్రమ, అజాగ్రత్త, మోసం చేయాలన్న కోరిక, ఇంద్రియాల చేతకానితనం. ఈ నాలుగింటినీ ఒక్కొక్కరి మీద పెట్టి చూస్తే చాలా సంగతులు తేలతాయి.

పక్కింటాయన తన కరెంటు బిల్లు ఎంత తగ్గిందో చూసి చెప్తాడు. మోసం చేసే అవసరం ఆయనకు లేదు. కానీ ఆయన ఎరిగింది తన డాబానూ, తన రెండు మూడేళ్ళ అనుభవాన్నీ మాత్రమే. వేరే బ్రాండ్ కంటే తనది మేలని ఆయన అంటే ఆ మాటకు పునాది లేదు. ప్యానెళ్ళు అమ్మే వెండర్‌కు విషయం తెలిసే ఉండవచ్చు. ఏ కంపెనీ ఎక్కువ మార్జిన్ ఇస్తే దాన్ని పొగిడే ఒత్తిడి ఆయన మీద ఉంది. పెద్దగా ఏ లాభాపేక్షా లేకుండా, చూసి చెప్పిన మాట ఒకటుంది. ఐఐటీ బొంబాయిలోని సౌరవిద్యుత్ పరిశోధన కేంద్రం, జాతీయ సౌరశక్తి సంస్థ కలిసి 2013 నుంచి పలుమార్లు దేశమంతటా తిరిగి, పనిచేస్తున్న ప్యానెళ్ళను కొలిచాయి. వేడి ప్రాంతాల్లో ప్యానెళ్ళు త్వరగా క్షీణిస్తున్నాయని, పెద్ద సోలార్ పార్కుల కంటే చిన్న రూఫ్‌టాప్ సిస్టమ్‌ల పరిస్థితి అధ్వానంగా ఉందని తేల్చాయి. కొనేటప్పుడు పరిశీలన లేకపోవడం, బిగింపు సరిగ్గా లేకపోవడం అందుకు కారణాలుగా కనిపించాయి. చిన్న ఇంటి యజమాని చెవిన పడాల్సిన మాట ఇదే. ఆయన దాకా మాత్రం ఇది చేరదు. ప్రకటనలు చేరతాయి.

వాత్స్యాయనుడు చేసిన మ్లేచ్ఛుడి, అంటే పరదేశీయుడి, ప్రస్తావన ఇక్కడ తోసిపుచ్చలేనిది. దేశీయమా, విదేశీయమా అన్నది బ్రాండ్ ఎంపికలో మొదట వినబడే ప్రశ్న. పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. దాని కింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేలు, మూడో కిలోవాటుకు 18 వేలు, మొత్తం 78 వేల రూపాయల దాకా సబ్సిడీ వస్తుంది. అది రావాలంటే సెల్లులూ ప్యానెళ్ళూ రెండూ దేశంలో తయారైనవై ఉండాలి. ఇది ప్రభుత్వ విధానం. సత్యానికి సంబంధించిన తీర్పు కాదు. వాత్స్యాయనుడి లెక్కలో చైనా ఇంజనీరు నిజాయతీగా కొలిచి చెప్పిన సంఖ్య ఎంత ప్రమాణమో, మహేశ్వరం దగ్గర రావిర్యాలలోని ఫ్యాక్టరీ చెప్పిన సంఖ్యా అంతే ప్రమాణం.

ధర్మం మాత్రం వేరే ప్రశ్న అడుగుతుంది, దాన్ని దాటవేయకూడదు. సెల్లుకు మూలమైన పాలిసిలికాన్ ప్రపంచంలో అత్యధిక భాగం చైనాలోనే తయారవుతుంది. అందులో షింజియాంగ్ ప్రాంతపు సరుకు వెనక నిర్బంధ శ్రమ ఉందన్న ఆరోపణలతో అమెరికా 2021లో చట్టం చేసి, 2022 జూన్ నుంచి ఆ దిగుమతులను ఆపింది. చైనా ఈ ఆరోపణలను ఖండిస్తోంది. భారతీయ ప్యానెల్‌లోని సెల్లు ఇక్కడే తయారైనా, దాని కింది వేఫర్ ఇన్నాళ్ళూ చాలావరకు దిగుమతిగానే వస్తోంది. కాబట్టి దేశీయ ముద్ర చూసి చేతులు కడిగేసుకునే వీలు లేదు. వస్తువు ధర్మబద్ధంగా వచ్చిందా అన్నదానికి కొనేవాడు చివరి దాకా వెళ్ళి జవాబు తెచ్చుకోలేడు. అడగడం వరకు మాత్రం ఆయన బాధ్యతే. అడిగేవాళ్ళు పెరిగితేనే సరుకు ఎక్కడినుంచి వచ్చిందో రాసిపెట్టే అలవాటు తయారీదారుకు వస్తుంది.

వారంటీ దగ్గరికి వచ్చేసరికి ఆప్తుడి నిర్వచనం ఒక్కటే చాలదు. డేటాషీట్ ఉన్నదాన్ని చెప్తుంది. వారంటీ మాట ఇస్తుంది. ఉన్నది చెప్పేవాడికి ఎరుక కావాలి. మాట ఇచ్చేవాడికి ఆ మాట నిలబెట్టుకునే మనసు, దాన్ని నిలబెట్టుకోవాల్సిన రోజుదాకా ఉనికి కావాలి. హరిశ్చంద్రుడి నాటకం తెలుగువాళ్ళు తరతరాలుగా రాత్రంతా మేలుకుని చూసింది ఈ రెండో రకం సత్యం కోసమే. కంపెనీకి మనసు ఉందా అన్న చర్చ ఎలా ఉన్నా, ఉనికి మాత్రం గ్యారంటీ లేనిది. ఒకప్పుడు ప్రపంచంలోనే అతిపెద్ద తయారీదారుగా వెలిగిన సన్‌టెక్ 2013 మార్చిలో బాండ్ల బకాయి కట్టలేక చతికిలబడింది. జర్మనీకి గర్వకారణంగా ఉన్న సోలార్‌వరల్డ్ 2017 మేలో దివాలా తీసింది. ఎల్‌జీ 2022 ఫిబ్రవరిలో ఈ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నానని చెప్పింది, పాత కొనుగోలుదారులను చూసుకుంటానన్న మాట ఇచ్చి మరీ. అవి తయారుచేసిన ప్యానెళ్ళు ఇప్పటికీ ఎన్నో కప్పుల మీద కరెంటు ఇస్తూ ఉండవచ్చు. ఉన్నది చెప్పిన సత్యం కంపెనీతో పాటు పోదు. ఇచ్చిన మాట పోతుంది.

అందుకే రెండు వారంటీలను వేరు చేసి చదవాలి. తయారీ లోపాలకు ఇచ్చేది సాధారణంగా 10 నుంచి 15 ఏళ్ళు. ఉత్పత్తికి ఇచ్చేది 25 నుంచి 30 ఏళ్ళు. ఆఖర్లో 80 నుంచి 87 శాతం దాకా శక్తి మిగులుతుందన్నది దాని సారం. రెండోది వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ తగ్గుదల నిరూపించాలంటే ప్యానెల్ ఊడదీసి ప్రయోగశాలకు పంపాలి. ఇంటి యజమాని ఆ పని చేయడం అరుదు. నిరూపించలేని తప్పుకు ఇచ్చిన హామీ విలువ చాలా స్వల్పం. మొదటిది చిన్నదే అయినా బరువైనది. పగిలిన బ్యాక్‌షీట్, మాడిపోయిన జంక్షన్ బాక్సు కంటికి కనబడతాయి కదా. ఈ లెక్కన దగ్గరి ఊళ్ళో ఫ్యాక్టరీ, సర్వీసు ఆఫీసు ఉన్న కంపెనీకి ఒక న్యాయమైన మొగ్గు ఉంది. 1995లో మొదలైన ప్రీమియర్ ఎనర్జీస్, ముంబై నుంచి వచ్చి ఇక్కడ ప్లాంటు పెట్టిన రెన్యూసిస్ హైదరాబాద్ చుట్టుపక్కలే ప్యానెళ్ళు తయారు చేస్తున్నాయి. దగ్గరతనం నాణ్యతకు సాక్ష్యం కాదు. మాట తప్పితే వెళ్ళి అడగడానికి చిరునామా మాత్రం ఉంటుంది.

మరి చూడలేని పాతికేళ్ళ సంగతి నమ్మడానికి ఆధారమేమిటి? ఈ ప్రశ్నకు న్యాయసూత్రాల్లో ఒక జవాబుంది. పరలోకం గురించి వేదం చెప్పినదాన్ని ఎందుకు నమ్మాలంటే, మంత్రం, ఆయుర్వేదం లాంటి చోట్ల ఫలితం ఇక్కడే కనబడింది కాబట్టి, ఆ చెప్పినవాళ్ళు ఆప్తులని తేలింది కాబట్టి అంటాయవి. పరీక్షించగలిగిన చోట నిజం చెప్పినవాడిని పరీక్షించలేని చోట నమ్మవచ్చన్నది సారాంశం. మతవిషయంలో ఈ వాదం ఎంత నిలుస్తుందన్నది వేరే చర్చ. బజారులో ఇంతకంటే మంచి పద్ధతి లేదు. ఫ్యాక్టరీలో ఒక్కో ప్యానెల్‌కు కొలిచిన ఫ్లాష్ టెస్టు రిపోర్టును సీరియల్ నంబర్లతో సహా అడగవచ్చు. అడగ్గానే ఇచ్చిన కంపెనీ ఒక పరీక్ష నెగ్గినట్టే. తప్పించుకు తిరిగితే, ఇవాళ్టి సంఖ్య చూపించడానికి ఇష్టపడనివాడు 2050 గురించి చెప్పే సంఖ్యకు విలువ కట్టాల్సిన పని లేదు.

సందేహానికీ ఒక హద్దు ఉంది. ఇంకో ఆర్నెల్లు ఆగితే కొత్త టెక్నాలజీ వస్తుందని, ఇంకో నలుగురిని అడుగుదామని ఎంపికను ఏళ్ళకేళ్ళు వాయిదా వేసే కుటుంబాలు ప్రతి కాలనీలోనూ ఉంటాయి. నైయాయికుడు ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో దీనికి సమాధానం చెప్పాడు: సందేహించేవాడి సొంత నడతతో విరుద్ధం కానంతవరకే సందేహం చెల్లుతుంది. నిప్పుకీ పొగకీ సంబంధం లేదేమోనని వాదించేవాడు కూడా పొగ కావాలంటే నిప్పే రాజేస్తాడు, ఆకలేస్తే అన్నమే తింటాడు. రోజూ లిఫ్టు ఎక్కుతూ, వంటింట్లో గ్యాస్ సిలిండరు పెట్టుకుని, ముక్కూముఖం తెలియని ఇంజనీర్ల మాట మీద బతికే మనిషి ప్యానెల్ దగ్గర మాత్రం పూర్తి నిశ్చయం కావాలనడం నిలవదు. ప్రభుత్వం ఆమోదించిన ప్యానెళ్ళ జాబితాలో ఉండి, సర్టిఫికెట్లు సరిగ్గా ఉండి, ఉష్ణోగ్రత సంఖ్య తక్కువగా ఉన్న ప్యానెల్ దొరికితే అక్కడితో ఆగవచ్చు. ఆ స్థాయి దాటిన నాలుగైదు పెద్ద బ్రాండ్ల మధ్య తేడా, వాటి గురించి జరిగే వాదనల కంటే చాలా చిన్నది.

పెద్ద తేడా బిగించేవాడి చేతిలో ఉంది. నీళ్ళ ట్యాంకు నీడ ఒక్క సెల్లు మీద పడితే బైపాస్ డయోడు ఆ ప్యానెల్‌లో మూడో వంతును పక్కకు తప్పిస్తుంది. ఏ ఖరీదైన బ్రాండూ ఆ నష్టాన్ని పూడ్చలేదు. ప్యానెల్ కింద గాలి ఆడేంత ఎత్తు ఉంచాలి, లేకపోతే 71 డిగ్రీలు ఇంకా పెరుగుతాయి. సికింద్రాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి దక్షిణానికి దాదాపు అంతే వాలు చాలు. మే నెల ఈదురుగాలికి స్ట్రక్చర్ బోల్టులు ఆగాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి, దుమ్ము కడగడానికి మనిషి నడిచే దారి వదలాలి. పీఎం సూర్యఘర్ కింద వెండర్ 5 ఏళ్ళు నిర్వహణ చూడాలి. తన పేరు, ఫోన్ నంబరు పెట్టి ఆ మాట ఇచ్చే మనిషి ఎదుటే ఉంటాడు. ఆయన రెండు మూడేళ్ళ కిందట కట్టిన డాబాలు నాలుగు చూసి, ఆ ఇళ్ళవాళ్ళతో మాట్లాడితే ప్రత్యక్షం, అనుమానం, శబ్దం మూడూ ఒక్క సాయంత్రంలో పూర్తవుతాయి. బ్రాండ్ వెతకడానికి పెట్టే సమయంలో సగమైనా దీనికి కేటాయించాలి.

నెట్ మీటరు బిగించి చివరి వాయిదా చెల్లించే ముందు ఇంకో పని మిగిలి ఉంటుంది. ప్యానెళ్ళ మీది సీరియల్ నంబర్లు, ఫ్లాష్ టెస్టు రిపోర్టులోవి, ఇన్‌వాయిసులోవి ఒకటేనా అని ఒక్కొక్కటిగా సరిచూసి, వారంటీ కాగితం ఇంటి యజమాని పేరునే రాయించుకోవాలి. ఈ మూడూ కలవకపోతే ఎంత పెద్ద కంపెనీ ఇచ్చిన మాటైనా ఈ ఇంటికి ఇచ్చిన మాట కాదు.